నిద్ర లేవని కిడ్నీ

“కోడలికి కిడ్నీ ఇమ్మని మిమ్మల్ని ఎవరైనా బలవంతం చేశారా అమ్మా?” అని అడిగారు అవయవదాన కమిటీ పెద్దాయన.

మా అత్త జోగులమ్మ కుర్చీ అంచున కూర్చుని ఉంది. ప్రశ్న అర్థం కానట్టు ఒక క్షణం ఆయన్నే చూసింది.

“నన్నా? నన్ను బలవంతం సేసీవోడు ఇంకా పుట్టనేదు బాబూ.”

గదిలో ఉన్నవాళ్ళు నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. తల్లో, చెల్లో ఇస్తే ఇంత విచారణ ఉండదు. అత్త కోడలికిస్తానంటే చట్టం దగ్గరి బంధుత్వంగా చూడదు. అందుకే మమ్మల్ని నర్సీపట్నం నుంచి విశాఖ పిలిపించి, కెమెరా పెట్టి మరీ అడుగుతున్నారు. గతేడాది ఫిబ్రవరి అది.

“మరి ఎందుకిస్తున్నారో మీ మాటల్లో చెప్పండి.”

“దాని నాన్న లేడు. అమ్మకి సుగరు. నా కొడుకుది గ్రూపు కలవనేదు. ఇంక ఇంట్లో మిగిలింది నానే కదా.”

“మీకూ కోడలికీ బాగా పడుతుందా?”

“పడదు,” అంది మా అత్త.

పక్కనే కూర్చున్న మా ఆయన సూర్యప్రకాష్ తల పట్టుకున్నాడు. మా అత్త మాత్రం ఆయన కంగారు పట్టించుకోలేదు.

“పడకపోతే ఏటి? ఇంట్లో మనిసే కదా. వారానికి మూడు సార్లు ఆ మిషను కాడ పడుంటే నానెంతకని సూడను?”

పెద్దాయన కలం తీసి సంతకం పెట్టారు.

ఆమె చెప్పింది అబద్ధం కాదు. పెళ్ళయి పదకొండేళ్ళయినా మా ఇద్దరికీ పడేది కాదు. నేను ప్రైవేటు స్కూల్లో హిందీ టీచర్ని. మా ఆయన కరెంటు లైన్‌మేన్. మా అత్తకి రావికమతం దగ్గర మామయ్య వదిలివెళ్ళిన జీడితోట ఉంది. ఆమె ప్రాణమంతా అక్కడే. ఇంట్లో నేను అన్నం మెత్తగా వండుతానని, బట్టలు పిండకుండా ఆరేస్తానని, ఫోను చూస్తూ తింటానని రోజూ ఏదో ఒకటి అనేది. నేను జవాబు చెప్పకుండా తలుపు గట్టిగా వేసేదాన్ని. రెండేళ్ళ కిందట నా కిడ్నీలు పాడయ్యాక అనడం తగ్గలేదు కానీ, ఏరియా ఆస్పత్రిలో డయాలసిస్‌కి వెళ్ళిన ప్రతిసారీ తోడు వచ్చేది. ఒకరోజు అన్నం తింటూ, “నాది సూడమను, పనికొస్తాదేమో,” అంది. కూర బాగుందన్నంత మామూలుగా. పరీక్షలన్నీ చేశారు. కలిసింది.

కమిటీ నుంచి తిరిగొస్తుంటే బస్సులో ఆమెకి ఏదైనా చెప్పాలనిపించింది. ఎలా మొదలుపెట్టాలో తేలలేదు. అనకాపల్లి దాటేసరికి ఆమె నిద్రపోయింది.

మార్చి రెండో వారంలో ఆపరేషన్. మార్చి అంటే జీడిపిక్కలు రాలడం మొదలయ్యే కాలం. ఎప్పుడూ తోట విడిచి ఉండని మనిషి, పక్క తోట దేవుళ్లుకి చూడమని అప్పగించి నా వెంట విశాఖ వచ్చేసింది. మా పాపను కొయ్యూరులో మా అమ్మ దగ్గర దింపాం. థియేటర్లోకి ముందు ఆమెనే తీసుకెళ్ళారు. స్ట్రెచర్ మీద నుంచి నన్ను చూసి, “పాపకి ఫోను సేసావా?” అంది. చేశానన్నాను. అంతే, తలుపులు మూసుకున్నాయి.

నాకు మెలకువ వచ్చేసరికి నోరెండిపోయి ఉంది. మాస్కు వేసుకున్న ముఖం ఒకటి నా మీదకి వంగింది. ఆమె సిస్టర్ జ్ఞానమణి, ఆ యూనిట్‌లో పెద్ద నర్సు.

“సిస్టర్, వచ్చిందా?” అన్నాను.

ఏది అని ఆమె అడగలేదు. కిడ్నీ మార్పించుకున్నవాళ్ళు కళ్ళు తెరవగానే అడిగేది అదొక్కటేనట. నాకు రెండేళ్ళుగా మూత్రం చుక్క రాలేదు. కొత్త కిడ్నీ పెట్టగానే ధారగా వస్తుందని, బల్ల మీదే మొదలవుతుందని అందరూ చెప్పారు.

“ఇంకా లేదమ్మా. చూద్దాం,” అంది జ్ఞానమణి.

మంచం పక్కన వేలాడుతున్న మూత్రం సంచీ వైపు తల తిప్పాను. అడుగున కాస్త ఎర్రటి తడి. అంతే.

మర్నాడు డాక్టరుగారు వచ్చి స్కానింగ్ చేయించారు. ఆమె మాట సూటిగా ఉంటుంది. “రక్తం బాగానే అందుతోంది దుర్గా. కానీ కిడ్నీ ఇంకా నిద్రలో ఉంది. కొన్నిసార్లు ఇలా అవుతుంది. నాలుగు రోజులు పట్టొచ్చు, రెండు వారాలు పట్టొచ్చు. ఈలోపు డయాలసిస్ చేద్దాం.”

“అసలు లేవకపోతే?”

“లేవకపోతే అప్పుడు మాట్లాడదాం. ఇప్పుడు మీ పని లేచి కూర్చోవడం.”

ఆ సాయంత్రమే మిషను తెచ్చి మంచం పక్కన పెట్టారు. దేన్ని వదిలించుకుందామని ఇంత దూరం వచ్చానో అదే మళ్ళీ పక్కకి చేరింది. ఏడవడానికి కూడా కుట్లు నొప్పి. పై కప్పు చూస్తూ పడుకున్నాను.

మా ఆయన ఫోను చేశాడు. నా గదిలోకి ఎవర్నీ రానివ్వరు. “దుర్గా, అమ్మకి చెప్పకు. కింద అంతస్తులో ఉంది. ఆమెనీ ఇవాళే లేపి నడిపించారు. తెలిస్తే తట్టుకోలేదు.”

ఆయన పెట్టేశాక పావుగంటకి అదే నెంబరు నుంచి మా అత్త.

“ఎంత పోస్తన్నావే?”

“రెండు లీటర్లు,” అన్నాను.

“రెండేనా? పక్క మంచం ఆవిడ తమ్ముడికి ఆరొచ్చిందంట.”

“రేపు పెరుగుతుందన్నారు.”

“ఊఁ,” అని పెట్టేసింది.

ఆ అబద్ధాన్ని మూడు రోజులు మోశాను. రోజుకో అంకె చెప్పాలి. రెండున్నర, మూడు. ఆమె నుంచి తీసుకున్నది నా పొట్టలో ఉలుకూ పలుకూ లేకుండా పడుంది. నేనేమో హిందీ పేపర్లలో మార్కులు వేసినట్టు అంకెలు వేస్తున్నాను.

నాలుగో రోజు పొద్దున డయాలసిస్ మీద ఉండగా, అద్దం తలుపు అవతల ఎవరో నిలబడ్డట్టు అనిపించింది. చూస్తే మా అత్త. పొట్టకి తలగడ అదిమిపట్టుకుని, గోడకి ఆనుకుని, ఊపిరి ఎగపీలుస్తోంది. లిఫ్టు ఎక్కి ఒక్కతే వచ్చేసింది. ఆమె కళ్ళు నా మీద లేవు, మిషను మీద ఉన్నాయి. రెండేళ్ళు దాని పక్కన కూర్చున్న మనిషి. అదేమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు.

బొడ్డు దగ్గర్నుంచి మా ఆయన ఫోను తీసి నాకు చేసింది.

“అదేటి మళ్ళీ?”

నేను దుప్పటి మిషను గొట్టాల మీదకి లాక్కున్నాను.

“మూడు లీటర్లన్నావు నిన్న.”

“అబద్ధం చెప్పాను అత్తా. ఒక్క చుక్కా రాలేదు. కిడ్నీ నిద్రలో ఉందంట.”

“తొంగున్నాదా?”

“అలాగే అన్నారు.”

“మరి నాకెందుకు సెప్పనేదు?”

“నీది తీసుకుని పాడు చేశానని... నీకు బాధగా ఉంటుందని.”

అద్దం అవతల మా అత్త ముఖం చిట్లించింది, అన్నం మెత్తగా అయిన రోజు చిట్లించినట్టే.

“ఓలమ్మ, బాధేటి? నువ్వు మాయింటికొచ్చిన రోజునే పని సేసేవేటి? పది రోజులు తలుపెనక కూకున్నావు. పిలిస్తే పలికేదానివి కాదు. అదీ అంతే. కొత్తిల్లు కదా, సూసుకోనీ.”

మిషను దగ్గరున్న జ్ఞానమణి ముఖం అటు తిప్పుకుని నవ్వుకుంది.

“ఒకవేళ ఎప్పటికీ లేవకపోతే?” అన్నాను.

“లెగుస్తాది. యాభై ఏడేళ్ళు నాకాడ పన్జేసింది. దాన్నెరుగుదును. నువ్వు ముందు తిను. రెండిడ్లీలు ఒగ్గేస్తన్నావంట.” ఫోను పెట్టబోతూ మళ్ళీ అంది, “ఇంకో పాలి నాకు అబద్ధం సెప్పకు. నానేం గాజుబొమ్మని కాను.”

ఆ మర్నాడు ఆమెను డిశ్చార్జి చేశారు. మా ఆయన ఊరు తీసుకెళ్తానంటే వెళ్ళనంది. తోటలో పిక్కలు రాలుతున్నాయని దేవుళ్లు ఫోను చేసినా కదల్లేదు. ఆస్పత్రి వెనక వీధిలో దూరపు చుట్టం కళావతి ఇంట్లో ఉండి, రోజూ సాయంత్రం నాకు ఫోను చేసేది. “లెగిసిందా?” అని ఒక్క మాట. “లేదు,” అని నేను. “సరే,” అని ఆమె. ఇంకేమీ మాట్లాడుకునేవాళ్ళం కాదు. కానీ నిజం చెప్పడం మొదలుపెట్టాక నాలో ఏదో గట్టిపడింది.

డాక్టరుగారు నడవమన్నారు. మంచం నుంచి తలుపుకి పన్నెండు అడుగులు. మొదటి రోజు రెండుసార్లు నడిచి చెమటలు పట్టి కూర్చుండిపోయాను. మర్నాడు ఆరు. ఆ పైన వరండాలో. ఒక చేత్తో సెలైన్ స్టాండు, ఇంకో చేత్తో ఖాళీ సంచీ. తాగే ప్రతి గుక్కా కొలిచి రాసుకున్నాను. మాత్రలు తొమ్మిదికంటే తొమ్మిదికే వేసుకున్నాను. ఏడో రోజు పొట్టలోకి సూది గుచ్చి కిడ్నీ ముక్క తీసి పరీక్షకి పంపారు. శరీరం దాన్ని తోసేస్తోందేమోనని అనుమానం. ఆ రిపోర్టు వచ్చేదాకా పడుకోమన్నా పడుకోలేక, పాప హోంవర్కు ఫోనులో చూశాను. ఒత్తులు తప్పు రాసింది. నాలుగుసార్లు రాయించాను.

తోసెయ్యడం లేదని రిపోర్టు వచ్చింది. “అయితే కాచుకోవడమే,” అన్నారు డాక్టరుగారు.

“కాచుకుంటాను మేడమ్,” అన్నాను.

తొమ్మిదో రోజు తెల్లవారి జ్ఞానమణి సంచీ వంపడానికి వచ్చింది. వంపి, కొలపాత్ర కళ్ళ ఎత్తుకి పట్టుకుని, మళ్ళీ కిటికీ వెలుతురులో చూసింది.

“అరవై,” అంది.

“అరవై ఏమిటి?”

“అరవై ఎం.ఎల్. అమ్మా. రంగు చూడు.”

లేత పసుపు. ఆ రంగు నేను రెండేళ్ళు చూడలేదు. మధ్యాహ్నానికి రెండు వందలు, సాయంత్రానికి నాలుగు వందల యాభై. మర్నాటికి రెండు లీటర్లు దాటింది. కానీ నేను మర్నాటిదాకా ఆగలేదు, ఆ మొదటి సాయంత్రమే ఫోను మోగగానే ఆమె అడగకముందే చెప్పాను.

“లేచింది అత్తా.”

అవతల ఆమె కళావతితో అంటున్న మాట దూరంగా వినిపించింది. “రేప్పొద్దుట మా ఊరి బస్సెన్నింటికే?”

ఏప్రిల్ మొదటి వారంలో నన్ను ఇంటికి పంపారు. మూడు నెలలు గుంపులోకి వెళ్ళకూడదు, మాస్కు తియ్యకూడదు, కాచిన నీళ్ళే తాగాలి, బయటివాళ్ళు లోపలికి రాకూడదు. బలిఘట్టం రోడ్డులో మా ఇంటి గుమ్మంలో మా అత్త కుర్చీ వేసుకుని కూర్చుంది. పళ్ళు పట్టుకుని వచ్చిన చుట్టాలకి కిటికీలోంచి నన్ను చూపించి, “సూసేరు కదా, బాగుంది. ఇంక ఎల్లండి,” అనేది. మా స్కూలు హెడ్మాస్టారుగారిని కూడా అలాగే పంపేసింది.

ఆస్పత్రిలో మా అత్తకీ జాగ్రత్తలు చెప్పారు. మూడు నెలలు బరువులెత్తకూడదు, రోజుకి మూడు లీటర్ల నీళ్ళు తాగాలి, ఒంటి నొప్పులని ఏ మాత్ర పడితే అది మింగకూడదు. అవన్నీ నేను ఒక అట్ట మీద రాసి గోడకి పెట్టాను. ఆమె చదువుకోలేదు. చదివి వినిపిస్తే, “నాకేటయింది?” అనేది. మే వచ్చేసరికి పొద్దున బస్సుకి తోటకెళ్ళి చీకటిపడేవేళకి రావడం మొదలుపెట్టింది. పిక్కలేరడానికి మనుషులు దొరకడం లేదట. వద్దని మా ఆయన చెప్పాడు, నేను చెప్పాను. మా చెప్పడంలో బలం లేదు. ఇచ్చిన మనిషిని ఏ ముఖంతో ఆపను అన్న సంకోచం నాది.

మే మూడో వారంలో గాలివాన వచ్చి స్తంభాలు పడిపోయాయి. మా ఆయన తెల్లవారుతూనే కొయ్యూరు కొండల వైపు డ్యూటీకి వెళ్ళాడు. పదకొండు గంటలకి దేవుళ్లు ఫోను చేశాడు.

“అమ్మాయిగోరూ, మీ అత్త కళ్ళు తిరిగి కూలబడిపోనాది. ఆస్పత్రికి రమ్మంటే రానంతంది. సూర్యం ఫోను కలవడంనేదు.”

నేనూ రెండుసార్లు ప్రయత్నించాను. కొండల్లో సిగ్నల్ లేదు. ఆస్పత్రికి తప్ప నెలన్నరగా గడప దాటలేదు నేను. ఒకదాని మీద ఒకటి రెండు మాస్కులు కట్టుకుని, కాచిన నీళ్ళ సీసాలు మూడు సంచీలో వేసుకుని, వీధి చివర ఆటో పిలిచాను.

తోటలో గాలికి రాలిన ఆకు, కుళ్ళుతున్న జీడిమామిడి పళ్ళ వాసన. చెట్టు కింద మా అత్త కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. పెదవులు తెల్లగా పాలిపోయాయి. పక్కన రెండు నిండు బస్తాలు. దేవుళ్లు తువ్వాలుతో విసురుతున్నాడు.

నన్ను చూడగానే అరిచింది. “నువ్వెందుకొచ్చేవే? దుమ్ము! మూతి కప్పుకో! ఎల్లు, బేగి ఎల్లు!”

“నువ్వు లేస్తే వెళ్తాను.”

“బస్తాలున్నాయి. వానొస్తే పిక్క నల్లబడిపోద్ది.”

“నల్లబడనీ. పొద్దుట్నుంచి నీళ్ళెన్ని తాగావు?”

“టీ తాగేను.”

“ఒంటేలుకి ఎప్పుడెళ్ళావు?”

దేవుళ్లు చప్పున అటు తిరిగాడు. మా అత్త సిగ్గుతో చీరకొంగు సర్దుకుంది. “ఏటే ఆ మాటలు, మగోడి ముందు!”

“ఎప్పుడెళ్ళావు?”

“నిన్న సాయంత్రం,” అంది మెల్లగా.

ఆ మాటకి అర్థం ఏమిటో ఆ తోటలో నాకొక్కదానికే తెలుసు. సీసా ఇవ్వబోతుంటే ఆమె బొడ్డు సంచీలోంచి మాత్రల అట్ట ఒకటి జారి పడింది. నొప్పి మాత్రలు. పదింటిలో ఏడు లేవు.

“నడుం నొప్పెట్టి...” అంది.

పదకొండేళ్ళలో ఆమె ముందు నేను గొంతెత్తింది లేదు. తలుపులు వేసుకున్నాను అంతే.

“లెగు,” అన్నాను.

ఆమె నన్ను కిందనుంచి పైదాకా చూసింది. తర్వాత చెయ్యి చాపింది. ఒక వైపు నేను, ఒక వైపు దేవుళ్లు. బరువంతా దేవుళ్లే మోశాడు. బస్తాల వైపు ఆమె ఒక్కసారే చూసింది.

నర్సీపట్నం ఏరియా ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు కుర్రాడు. “ఏం జరిగింది?” అని ఆమెనడిగాడు. జవాబు నేను చెప్పాను. నీళ్ళు లేవు, మూత్రం లేదు, నొప్పి మాత్రలు ఏడు, ఉన్నది ఒకటే కిడ్నీ.

“డోనరా? ఎవరికిచ్చారు?”

“నాకే.”

రక్తపరీక్షలో, కిడ్నీ పని తగ్గితే పెరిగే క్రియాటినిన్ రెండున్నరకి చేరిందని తేలింది. విశాఖ డాక్టరుగారికి ఫోను కలిపి ఇద్దరినీ మాట్లాడించాను. సెలైన్ పెట్టారు. ఎంత ఎక్కుతోందో, ఎంత వస్తోందో నేనే అట్ట మీద రాయడం మొదలుపెట్టాను. కాసేపటికి కుర్రాడు నా దగ్గరికొచ్చి, “మేడమ్, మీరీ వార్డులో ఉండకూడదు. మీకు ప్రమాదం,” అన్నాడు.

“మా ఆయన రాగానే వెళ్తాను. అందాకా వరండాలో ఉంటాను. గంటకోసారి అంకె నాకు చెప్పాలి.”

చెప్పాడు పాపం. నాలుగు గంటలకి వంద. ఆరింటికి రెండు వందల యాభై. మా ఆయన బురద బూట్లతోనే పరిగెత్తుకొచ్చేసరికి నాలుగు వందలయింది. అప్పుడు లేచాను. అట్ట ఆయన చేతికిచ్చి ఇంటికి బయల్దేరాను.

నాలుగో రోజుకి క్రియాటినిన్ ఒకటిన్నరకి దిగింది. ఇంటికొచ్చిన సాయంత్రం ఆమె నులకమంచం మీద కూర్చుంటే, నేను మాస్కు కట్టుకుని ఎదురుగా నిలబడ్డాను.

“తోట దేవుళ్లుకి కౌలుకిస్తున్నాం. మాట్లాడేశాను. నువ్వెళ్ళి చెట్లు చూసుకోవచ్చు. బస్తా ముట్టుకోకూడదు.”

“నా తోట,” అంది.

“నీ తోటే. ఈ గ్లాసులో సగం నీళ్ళయినా తాగు ముందు.”

గ్లాసు అందుకుని, నన్ను చూస్తూనే, చివరి గుక్కదాకా తాగింది.

ఆగస్టులో నేను స్కూలుకి వెళ్ళాను. మెట్లెక్కి ఎనిమిదో తరగతికి పాఠం చెప్పాను, మధ్యలో కూర్చోకుండా. పాప కొయ్యూరు నుంచి వచ్చేసింది. ఇప్పుడు మూడు నెలలకోసారి నేనూ, మా అత్తా మొదటి బస్సుకి విశాఖ వెళ్తాం. ఫైళ్ళు రెండు, డాక్టరు ఒకరే.

మొన్న వెళ్ళినప్పుడు డాక్టరుగారు ముందు నా రిపోర్టులు చూశారు. తర్వాత ఆమెవి. అన్నీ బాగున్నాయన్నారు.

“ఇంకేమైనా ఇబ్బంది ఉందా జోగులమ్మగారూ?”

“ఉంది,” అంది మా అత్త. నా వైపు చెయ్యి చూపించింది. “ఇదే. నీల్లు తాగు, ఉప్పు తగ్గించు, ఆ మాత్రెందుకు, ఈ మాత్రెందుకు. పొద్దస్తమానం పీక్కు తింటాది. దీనికేటైనా మందుందా అమ్మా?”

డాక్టరుగారు నవ్వారు. మా అత్త ఫైలు మీదకి వంగి, ‘ఇబ్బందులేమీ లేవు’ అని రాశారు.